వియ్యంకుల జావ తగువు

మంగళగిరి,
నవంబరు 4

శ్రీ యలమంద గారికి,

కరుణాకర్ నమస్కరించి వ్రాయునది. ఈ ఉత్తరం చూసి మీరు ఆశ్చర్యపోతారని తెలుసు. మన పిల్లల పదహారు రోజుల పండగనాడు, మీ ఇంట్లో, యాభై మంది చుట్టాల ఎదుట "నోటితో గానీ, ఫోనుతో గానీ, వాట్సాప్‌తో గానీ ఈయనతో మాట్లాడను" అని నేను ఒట్టు వేసిన మాట వాస్తవం. మీరూ మీసం మీద చెయ్యి వేసి అదే ఒట్టు వేశారు. నేను దానికి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. అయితే ముప్పై నాలుగేళ్ళు లెక్కల మాస్టారిగా పనిచేసినవాణ్ణి కాబట్టి, మొన్న ఆ వాక్యాన్ని మరోసారి పరిశీలించాను. అందులో పోస్టు ప్రస్తావన లేదు.

ఆరోజు పొద్దున్నే నా ముందు పెట్టిన మీ పుల్లటి రాగిజావను నేను "కుడితి" అన్నాను. మా ఇంట్లో కాచే బెల్లం జావను మీరు "జ్వరమొచ్చిన పాయసం" అన్నారు. తప్పు ఎవరిదన్నది ఇక్కడ చర్చించను. మీదే.

అసలు విషయానికి వస్తాను. మా వాకింగ్ మిత్రమండలి వారు వచ్చే నెల నన్ను "పులియబెట్టిన ఆహారములు" అనే అంశం మీద ప్రసంగించమన్నారు. ఉదాహరణగా మీ జావ తయారీ విధానం కావాలి. కేవలం ప్రసంగం కోసమే. మా కోటిరత్నం ఫోన్‌లో సుబ్బరావమ్మ గారిని అడిగితే, "ఆ జావ ఆయనే కాస్తారు వదినా, నన్ను పొయ్యి దగ్గరికి కూడా రానివ్వరు" అన్నారట. అందువల్ల మీకే రాయవలసి వచ్చింది.

కొలతలు స్పష్టంగా రాయగలరు. కొంచెం త్వరగా రాయగలరు.

ఇట్లు,
చట్టరీత్యా మీ వియ్యంకుడు,
కరుణాకర్


మార్టూరు,
నవంబరు 11

బావగారూ,

ఉత్తరం అందింది. మా పోస్ట్‌మాన్ "యలమందా, నీకేదో కోర్టు నోటీసు వచ్చింది" అని వీధి మొదట్నుంచీ కేకేసుకుంటూ వచ్చాడు. మీ చేతిరాత అంత ముద్దుగా ఉంటుంది మరి.

ఒట్టు నేనూ తప్పను. రాస్తే తప్పులేదని మీరే తేల్చారు కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం రాగిపిండి నాలుగు చారెళ్ళు కుండలో వేసి, వేళ్ళు మునిగేదాకా నీళ్ళు పోసి, ఉండలు లేకుండా చేత్తోనే కలపాలి. నిన్నటి జావ కుండ అడుగున గుక్కెడు ఉంటుంది కదా, అది పారబోయకూడదు. పులుపంతా అందులోనే ఉంది. తెల్లారాక ఎసరు కాగుతుంటే ఈ పిండినీళ్ళు పోసి తిప్పాలి. ఎంతసేపు అంటే, అయ్యేదాకా. చల్లారాక చిక్కటి మజ్జిగ, ఉప్పు, చితక్కొట్టిన ఉల్లిపాయ. పక్కన నూనెలో వేయించిన ఊరమిరపకాయలు రెండు. అంతే. ఎన్ని డిగ్రీలు అని మాత్రం అడగొద్దు.

నాకూ మీతో ఒక పని పడింది. మా ఎద్దు ఈ మధ్య సరిగ్గా తినడం లేదు. కడుపులో మంటగా ఉన్నట్టుంది. డాక్టరు చప్పగా, తీపిగా, మెత్తగా ఏదన్నా పెట్టమన్నాడు. మీ జ్వరమొచ్చిన పాయసం ఎట్లా కాస్తారో రాయండి. ఎద్దు కోసమే. సంగతి ఆడవాళ్ళ దాకా పోనివ్వకండి. ఎద్దు పరువుకు సంబంధించిన విషయం.

మీ
యలమంద


మంగళగిరి,
నవంబరు 19

యలమంద గారికి,

"చారెడు" అంటే ఎవరి చారెడు? నా చేత్తో నాలుగు చారెళ్ళు తూస్తే నూట నలభై గ్రాములు వచ్చింది. కోటిరత్నం చేత్తో తొంభై ఎనిమిది. దయచేసి మీ అరచేతిని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పంపగలరు.

రెండో సందేహం. నిన్నటి జావ అడుగున గుక్కెడు అన్నారు. నిన్న జావ కాయనివాడి సంగతేమిటి? అసలు మొట్టమొదటి జావకు నిన్నటిది ఎక్కడినుంచి వచ్చింది? దీని గురించి ఆలోచిస్తూ ఒక ఉదయం వాకింగ్ కూడా మానేశాను.

ప్రయోగ ఫలితం ఇది. స్టీలు గిన్నెను మరిగే నీళ్ళతో రెండుసార్లు కడిగి, పిండి కలిపి, శుభ్రంగా ఉంటుందని ఏసీ గదిలో పెట్టాను. మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు మీద పచ్చగా ఏదో మొలిచింది. కోటిరత్నం గిన్నెతో సహా పారేసింది.

ఇక మీ ఎద్దు. సగటు ఎద్దు బరువు నాలుగు వందల కిలోలుగా తీసుకుని లెక్క కట్టాను. రాగిపిండి నూట డెబ్భై ఒక్క గ్రాములు, నీళ్ళు లీటరున్నర పైచిలుకు, బెల్లం నూట పధ్నాలుగు గ్రాములు, ఏలకులు పదకొండు పాయింట్ నాలుగు. పన్నెండు వేయకండి. పిండిని కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చన్నీళ్ళలో కలిపి, సన్నటి మంట మీద ఏడు నిమిషాలు తిప్పాలి. గోరువెచ్చగా అయ్యాకే పాలూ బెల్లమూ కలపాలి, లేకపోతే విరుగుతుంది. మేము నేతిలో వేయించిన జీడిపప్పు వేసుకుంటాం. ఎద్దుకు అక్కర్లేదనుకుంటాను.

జవాబు త్వరగా రాయండి. ప్రసంగం దగ్గర పడుతున్నది.

కరుణాకర్


మార్టూరు,
నవంబరు 27

బావగారూ,

చెయ్యి గీసి పంపుతున్నాను. గీత వంకర పోయింది. పెన్ను పట్టిన చెయ్యీ గీయించుకున్న చెయ్యీ రెండూ నావేనాయె. సుబ్బరావమ్మ చూసి "జాతకం ఎవరికి పంపుతున్నావయ్యా" అని అడిగింది.

మొదటిసారి కాసేవాళ్ళు గుక్కెడు పుల్లమజ్జిగ వేసి మొదలెట్టాలి. ఏసీలో పెడితే ఎట్లా పులుస్తుందండీ, దానికి చలెయ్యదా? ఎండ తగిలే చోట పెట్టండి. మూత పెట్టొద్దు, పల్చటి గుడ్డ కట్టండి. అది ఊపిరి తీసుకోవాలి.

మీ లెక్క ప్రకారం కాస్తే పెద్ద గిన్నె నిండింది. ఎద్దు పాపం రెండు రోజులు అదే తాగింది. ఇది చిన్న ఎద్దు బావగారూ. డెబ్భై కిలోలుంటుందేమో. దానికి సరిపడా రాయండి. కడుపులో మంట మాత్రం తగ్గిందంటోంది. ఇంకోటి, జీడిపప్పు అక్కర్లేదన్నారు. వేస్తే బాగుంటుందని ఎద్దు అభిప్రాయం.

ఆ ప్రసంగం ఎప్పుడో రాయలేదు మీరు. ఇంతకీ మీ ఇంట్లో అందరూ బాగున్నారా?

మీ
యలమంద


మంగళగిరి,
డిసెంబరు 7

యలమంద గారికి,

గుడ్డలోంచి దుమ్ము పోతుందని నేను గాజు సీసాలో పోసి మూత బిగించాను. రెండో రోజు పొద్దున్న కాఫీ తాగుతుండగా పెద్ద చప్పుడైంది. మూత ఎగిరి ఫ్యాను రెక్కకు తగిలి దేవుడి గదిలోకి వెళ్ళింది. జావ సీలింగు మీదా, క్యాలెండరు మీదా, నా మీదా పడింది. కోటిరత్నం నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

మా అమ్మాయి శ్రీరమ్య మాత్రం నవ్వింది. మంచం మీదనుంచి లేచి వచ్చి, గుమ్మం పట్టుకుని, నన్ను చూసి నవ్వింది. దాని నవ్వు విని నెల దాటింది.

బావగారూ, ప్రసంగం లేదు. మిత్రమండలి నన్ను ఏ ప్రసంగమూ చేయమనలేదు.

రమ్యకు మూడో నెల. ఏది తిన్నా కడుపులో నిలవడం లేదు. చూసుకోవడానికి వీలుగా మా ఇంటికే తెచ్చుకున్నాం. రెండుసార్లు సెలైన్ పెట్టించాం. నాలుగు కిలోలు తగ్గింది. మీ చైతన్య ఆఫీసునుంచి వస్తూ రోజుకొకటి తెస్తాడు, అదీ ఉండదు. ఒకరోజు కళ్ళు మూసుకుని పడుకునే "నాన్నా, మామయ్యగారి జావ గ్లాసెడు ఉంటే తాగేదాన్ని" అంది. కోటిరత్నం ప్రయత్నించింది. ఒక్క గుక్క తాగి "ఇది కాదమ్మా" అని గ్లాసు పక్కన పెట్టేసింది.

తెలియకపోతే అడగండిరా అని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పాను. అడగడం ఇంత కష్టమని నాకే తెలియదు. ఇప్పుడు అడుగుతున్నాను.

కరుణాకర్


మార్టూరు,
డిసెంబరు 11

బావగారూ,

నాకు తెలుసు. మీ మొదటి ఉత్తరం రాకముందే తెలుసు. మన ఆడవాళ్ళు రోజుకు రెండుసార్లు మాట్లాడుకుంటారు కదా. మీ నోటితో మీరే అడుగుతారని చూశాను. అక్కడ పిల్ల చిక్కిపోతుంటే ఇక్కడ కూర్చుని మీసం చూసుకున్నాను. తప్పు నాది. రాయకుండా దాస్తే ఇంకా తప్పని రాస్తున్నాను.

ఇది రాతలో వచ్చే పని కాదు. నేనొచ్చి కాస్తే ఒక్క పూటే. మీరు నేర్చుకుంటే బిడ్డకు రోజూ దొరుకుతుంది. ఒకసారి వచ్చి పక్కన నిలబడి చూడండి. పొద్దున్నే వచ్చే బస్సు ఎక్కండి. మాట్లాడక్కర్లేదు. కాగితాలు తెచ్చుకోండి, పెన్ను నేనిస్తాను.

మీ
యలమంద


మార్టూరు, మీ వరండా,
డిసెంబరు 19, ఉదయం 7.10

బావగారికి,

వచ్చాను. మీరు తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి వెళ్ళిపోయారు. నేను కూర్చోవచ్చునా?

కరుణాకర్


మార్టూరు, పొయ్యి దగ్గర,
7.12

కూర్చున్నారుగా. లోపలికి రండి. చెప్పులు వదిలి.


అదే చోటు, మీకు రెండడుగుల దూరంలో,
7.20

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. కొట్టంలో ట్రాక్టరు తప్ప ఏమీ లేదు. ఎద్దును ఒకసారి చూడాలనుకున్నాను. దాని ఆరోగ్యం గురించి నాకూ కొంత బాధ్యత ఉంది.


పొయ్యి దగ్గర,
7.22

ఎద్దులు అమ్మేసి మూడేళ్ళయింది.


7.23

అయితే ఆ డెబ్భై కిలోల ఎద్దు ఎవరు?


7.25

మీకెదురుగా కూర్చుని పొయ్యి ఊదుతోంది. కడుపులో పుండన్నాడు గుంటూరు డాక్టరు. కారం ముట్టుకోవద్దన్నాడు. పాతికేళ్ళుగా మిరప పండిస్తున్నవాణ్ణి, ఈ మాట ఎవరితో చెప్పుకోను? సుబ్బరావమ్మకు కూడా తెలియదు. చదివి పొయ్యిలో వెయ్యండి.


7.26

వేశాను. మందులు వేళకు వేసుకుంటున్నారా?


7.27

ఎద్దు వేసుకుంటోంది. ఇదిగో ఎసట్లో పిండినీళ్ళు పోస్తున్నా, చూడండి. మేస్త్రి ఫోన్ చేస్తున్నాడు, కోతకు కూలీలు వచ్చారో లేదో. వాకిట్లోకి వెళ్ళి మాట్లాడొస్తా. గరిటె ముట్టుకోకండి.


మార్టూరు, పొయ్యి ఎదుట, ఒంటరిగా,
7.41

బావగారూ, అడుగునుంచి మాడు వాసన వస్తున్నట్టు నాకు


మంగళగిరి,
డిసెంబరు 22

బావగారికి,

ఆ చివరి చీటీ ఎందుకు సగంలో ఆగిందో రికార్డు కోసం రాస్తున్నాను. మీరు వాకిట్లో మేస్త్రితో ఊరంతా వినేటట్టు అరుస్తున్నారు. చీటీ అందించడానికి మనిషి లేడు. కుండ పొగలు కక్కుతున్నది. అందువల్ల నేను "బావా! మాడిపోతోంది!" అని కేక వేశాను. మీరు "రోజూ అంతేలే బావా!" అని తిరిగి కేక వేశారు. ఇద్దరం ఒక్కసారి నోళ్ళు మూసుకున్నాం. సుబ్బరావమ్మ గారు కొంగు నోట్లో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు.

ముందు మాట్లాడింది నేనేనని మీరు అందరికీ చెబుతున్నారట. నాది మాట్లాడటం కాదు. అగ్నిప్రమాద హెచ్చరిక. దానికి జవాబు చెప్పడం మాట్లాడటం. కాబట్టి ఒట్టు తప్పింది మీరే.

సరే, అది అలా ఉంచండి. అంటే ఇన్నేళ్ళుగా రోజూ ఆ వేళకే మీకు ఫోన్ వస్తుంది, రోజూ జావ కాస్త అడుగంటుతుంది, ఆ సంగతి రాయాలని మాత్రం మీకు తోచలేదు! మీరు తిప్పుతూ ఉండాలని రాశారు. మేము శ్రద్ధగా తిప్పుతూనే ఉన్నాం. ఇక దానికి మీ జావ రుచి ఎక్కడినుంచి వస్తుంది?

నిన్న పొద్దున్న మీరిచ్చిన కుండలోనే పెట్టాను. జావ దగ్గర పడగానే గరిటె పక్కన పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. "మాడుతోందండీ, మతి గాని పోయిందా మీకు?" అని కోటిరత్నం మీద పడింది. నేను కదలలేదు. నిమిషమున్నర. ఇంతలో పడకగదిలోంచి రమ్య గొంతు వినపడింది.

"నాన్నా, మామయ్యగారొచ్చారా?"

వాసన పట్టి తనే లేచి వచ్చింది. రెండు గ్లాసులు తాగింది. ఊరమిరపకాయ కొరుక్కుంటూ తాగింది. తరవాత నేనూ కోటిరత్నమూ చైతన్యా గోడ గడియారం ఎదురుగా వరసగా కూర్చున్నాం. అరగంట, గంట, రెండు గంటలు. నిలిచింది బావగారూ. అది టీవీ పెట్టుకుని మమ్మల్ని విసుక్కుంది. నేను బాల్కనీలోకి వెళ్ళి, అప్పటికే ఆరిపోయిన బట్టల్ని చాలాసేపు ఆరేశాను.

మీ బావ,
కరుణాకర్

తా.క. మీ కడుపు సంగతి నేను సుబ్బరావమ్మ గారికి చెప్పలేదు. కోటిరత్నానికి చెప్పాను.


మార్టూరు,
జనవరి 4

బావా,

నువ్వు కోటిరత్నమ్మ చెల్లెమ్మకు చెప్పిన అరగంటలో ఇక్కడ నా పని అయిపోయింది. సుబ్బరావమ్మ ఇంట్లో ఉన్న ఊరమిరపకాయలన్నీ బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టి తాళం వేసింది. తాళంచెవి మెళ్ళో వేసుకుని తిరుగుతోంది. ఏడవలేదు, తిట్టింది. ఆ తిట్లలో నువ్వూ ఉన్నావు. రోజూ నీ తీపిజావే, ఆవిడ చేత్తో. నీ కొలత కంటే బెల్లం ఎక్కువ వేస్తుంది, నీకు చెప్పొద్దంది.

ఊరంతా నవ్వుతుందని భయపడ్డాను. ఒకరిద్దరు నవ్వారు కూడా. కానీ ఈ వారంలో ముగ్గురు విడివిడిగా వచ్చి, గొంతు తగ్గించి, ఆ తీపిజావ ఎట్లా కాస్తారని అడిగి పోయారు. ముగ్గురూ ఎద్దు కోసమేనన్నారు. ముగ్గురికీ ట్రాక్టర్లే.

ఇంకోమాట. ఆదివారం ఫోన్ చేశావు కదా. "తిన్నారా బావగారూ" అన్నావు. తిన్నానన్నాను. "ఎండ ఎలా ఉంది" అన్నావు. ఉందన్నాను. ఆ తరవాత ఇద్దరం ఫోన్ చెవిన పెట్టుకుని ఊరికే ఉన్నాం. సుబ్బరావమ్మ చూసి సిగ్నల్ పోయిందనుకుంది. మనకి ఫోన్ అచ్చిరాదు. ఉత్తరం రాస్తుండు. ముద్దుగా రాస్తావు.

యలమంద


మంగళగిరి,
జనవరి 29

బావా,

ఘోరం జరిగిపోయింది.

రమ్యకు అయిదో నెల. పోయిన నాలుగు కిలోలూ తిరిగి వచ్చాయి, పైన ఇంకొకటిన్నర కూడా. డాక్టరమ్మ సంతోషించింది. ఆ మాట ముందు రాస్తున్నాను, నువ్వు కంగారుపడకుండా.

నిన్న పొద్దున్న యథావిధిగా కుండ దించి గ్లాసులో పోసి తీసుకెళ్ళాను. అది ముక్కు మూసుకుని "నాన్నా, ఏమనుకోకు, ఇక జావ వాసన పడట్లేదు" అంది. పుల్లదా అని అడిగాను. ఏదైనా సరే అంది. వెంటనే మీ అబ్బాయి సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. చాక్లెట్ ఓట్సు. వేణ్ణీళ్ళు పోశాడు. రెండు నిమిషాలు. పొయ్యి లేదు, గరిటె లేదు, తిప్పడం లేదు. అది చూడటానికి బూటు పాలిష్‌లా ఉంది. మా అమ్మాయి రెండు గిన్నెలు తిని, చెంచా నాకి, "ఇదే రోజూ తెచ్చిపెట్టు చైతూ" అంది.

నేను నా గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ మనం పోట్లాడుకున్నది ఏ వస్తువు గురించో దానికి ఈ ఇంట్లో చోటే లేకుండా పోయింది. రెండు పేజీల అభ్యంతర పత్రం తయారుచేశాను, ఇద్దరు తండ్రుల తరఫున. ఇందులో జతపరిచాను. నా సంతకం కింద నువ్వు సంతకం పెట్టి పంపు. నీ అబ్బాయిని ఫోన్‌లో గట్టిగా మందలించు. నేను అల్లుణ్ణి ఏమీ అనలేను.

నీ
కరుణాకర్


మార్టూరు,
ఫిబ్రవరి 6

బావా,

నీ ఉత్తరం చదవగానే వాడికి ఫోన్ చేశాను. "ఏరా, ఇంట్లో ఇద్దరు జావ కాసేవాళ్ళుంటే నీళ్ళు పోసుకుని తినే డబ్బాలేంట్రా? మామగారి ముందు నా పరువు తీస్తావా?" అని పది నిమిషాలు వాయించాను. మర్నాడు బస్సులో ఒక డబ్బా పంపాడు. మీద కాగితం అంటించాడు, "నాన్నా, తిట్టేముందు ఒకసారి చూడు" అని.

అభ్యంతర పత్రం ఎదురుగా పెట్టుకుని, పెన్ను తీసి, డబ్బా మూత తీశాను. మనం సంతకం పెడుతున్నది దేని మీదో తెలియాలి కదా. మొదటి చెంచా తిట్టడానికి తిన్నాను. రెండోది సరిచూసుకోవడానికి. ఆ తరవాత లెక్కపెట్టలేదు. సుబ్బరావమ్మ ఏంటది అని వచ్చి, నా చేతిలో గిన్నె లాక్కుని, నిలబడే ఖాళీ చేసింది.

పత్రం నీకు తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. నువ్వు రాసింది చదివితే నాకే కళ్ళనీళ్ళొచ్చాయి, కానీ చెయ్యి రాలేదు బావా. నీ మీద ఒట్టు, బాగుంది. పిల్ల తప్పేం లేదు.

డబ్బా అయిపోయింది. ఇంకోటి పంపమని నేను వాణ్ణి అడగలేను, మొన్ననేగా తిట్టాను. నువ్వే చెప్పు. నీకోసమని చెప్పు.

నీ
యలమంద